క్రూజర్‌కి తక్కువ ఖర్చులో మార్పులు
అందరికీ నమస్తే. బడ్జెట్ తక్కువ, క్రూజర్ బైక్‌కి ముందు ఏం మార్చాలి అని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇక్కడే రాస్తున్నా. దయచేసి సైలెన్సర్‌తో మొదలుపెట్టకండి. ఓపెన్ పైపు పెడితే గాలి, పెట్రోలు పాళ్లు మారిపోతాయి, కార్బ్యురేటర్ బండైతే జెట్ (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం ఉన్న ముక్క), ఇంజెక్షన్ బండైతే మ్యాపింగ్ (ఎంత పెట్రోలు వెళ్లాలో చెప్పే కంప్యూటర్ సెట్టింగ్) సరిచేయించాల్సి రావచ్చు, అది మళ్లీ ఖర్చు. రోజూ ఒంటికి తెలిసేవి సీటు, హ్యాండిల్‌బార్. డబ్బు వాటి మీద పెట్టండి.

హ్యాండిల్ కొనే ముందు మందం కొలవండి. 22 మి.మీ. ఉంటాయి, 25 మి.మీ. ఉంటాయి, సెకండ్ హ్యాండ్‌లో తొందరపడి వేరే సైజు తెచ్చుకుంటే బార్‌ని పట్టి ఉంచే క్లాంపులో కూర్చోదు. నేను ఎత్తు బార్ వేసిన రోజు అంతా బాగానే ఉందనుకున్నా, కానీ పూర్తిగా ఎడమకి తిప్పగానే యాక్సిలరేటర్ కేబుల్ సాగి ఇంజిన్ దానంతటదే రేజ్ అయింది. యు-టర్న్‌లో అలా జరిగితే చాలా ప్రమాదం. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి, బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ పైపు) కూడా బిగుసుకోకూడదు.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు మరీ వేగంగా కొట్టుకుంటుంటే లైట్లు వాపసు ఇవ్వకండి, ఎక్కువసార్లు ఫ్లాషర్ రిలే (ఇండికేటర్లు ఆగి ఆగి వెలిగేలా చేసే చిన్న స్విచ్) మారిస్తే సరిపోతుంది.

బార్ మార్చినవాళ్లు కేబుళ్ల ఫోటోలు పెట్టండి, చూసి చెప్తా.