పిండిమర ఆగింది

మూడు నెలలుగా మా అమ్మ నా కారును కారు అనడం మానేసింది. కంటి పరీక్షల కోసం ఏలూరు నుంచి విజయవాడ వెళ్లిన ప్రతిసారీ, రామవరప్పాడు రింగు దగ్గర బండి ఆగగానే వెనక సీటులోంచి "నీ పిండిమర మళ్లీ మొదలుపెట్టింది" అనేది. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడితే స్టీరింగు అరచేతుల్లో వణికేది. డోరు అరలో పెట్టిన స్టీలు సీసా గణగణ మోగేది. ఫస్టు గేరులో కదిలేటప్పుడు కాళ్ల కింద ఎవరో గుద్దినట్టు ఒక దెబ్బ. హైవే ఎక్కి ఎనభై దాటితే మాత్రం అన్నీ మాయం. ఆ ఎనభైని నమ్మి, పన్నెండేళ్ల డీజిల్ బండి ఆ మాత్రం ఊగదా అని సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ పిండిమర ఆగింది. ఆపిన ముగ్గురికీ నలుగురిలో కృతజ్ఞతలు చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కనుక రాయడం లేదు.

మొదట మా కింది వాటాలో ఉండే బాబాయ్ గారు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరకు నేను ముందే వెళ్లి ఉండాల్సింది. ఆయన బస్సుల మనిషి, కార్ల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఈ మాట ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఒక సర్వీసు సెంటరులో క్లచ్చు సెట్టు మొత్తం మార్చాలని రూ.38,000కు అంచనా రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని మెట్ల దగ్గర దిగాలుగా నిలబడి ఉంటే ఆయనే పలకరించారు. కాగితం చదివి, "బానెట్ ఎత్తి చూశారా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే మనం ఎత్తుదాం, నాన్నా" అన్నారు.

ఆయన పరీక్షకు పట్టింది ఐదు నిమిషాలు. హ్యాండ్ బ్రేకు బిగించి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమన్నారు. ఫస్టు గేరు వేసి క్లచ్చును కాస్తంతే, బండి కదలబోయి ఆగేంత వరకే వదలమన్నారు. తరువాత రివర్సులో అలాగే. తాను మాత్రం బండికి ఎదురుగా నిలబడకుండా పక్కకు జరిగి ఇంజనును చూస్తూ ఉన్నారు. తరువాత మా అబ్బాయిని సీట్లో కూర్చోబెట్టి (వాడికి లైసెన్సు ఉంది లెండి) నన్ను బయటకు పిలిచి చూడమన్నారు. క్లచ్చు వదిలినప్పుడల్లా ఇంజను మొత్తం, కట్టు తాడు తెంచుకోబోయే దూడలా, ఎగిరి పడుతోంది. ఇన్నాళ్లూ నా కాళ్ల కింద తగిలిన దెబ్బ అదే.

"చుట్టకుదురు పోయింది" అన్నారాయన. అర్థం కాక చూస్తే విడమరిచి చెప్పారు. బిందె నెత్తిన పెట్టుకునే మనిషికి చుట్టకుదురు రెండు పనులు చేస్తుంది. బిందెను దొర్లిపోనివ్వదు, బరువును మాడుకు ఒత్తుకోనివ్వదు. ఇంజనుకు మౌంటింగ్ అంతే. ఇనుప ముక్కల మధ్య రబ్బరు పోసి అతికించిన ఆ దిమ్మె ఇంజనును పట్టి ఉంచాలి, దాని వణుకును మాత్రం బాడీకి చేరనివ్వకూడదు. మా బండిలో అవి మూడు. కుడివైపు ఒకటి, ఎడమవైపు గేరు బాక్సు దగ్గర ఒకటి బరువు మోస్తాయి. కింద వెనకవైపు ఉన్న చిన్న టార్క్ రాడ్డు బరువు మోయదు. ఇంజను ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టుకుంటుంది. మెకానిక్ షెడ్లలో వీటిని ఫౌండేషన్లు అని కూడా అంటారట.

ఎనభైలో తెలియని వణుకు సిగ్నల్ దగ్గర ఎందుకు తెలుస్తుందో కూడా లెక్క కట్టి చూపించారు. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కసారి తిరిగితే రెండుసార్లు మండుతుంది. నిమిషానికి ఎనిమిది వందల చుట్లంటే సెకనుకు ఇరవై ఆరు, ఇరవై ఏడు దెబ్బలు. ఆ నెమ్మది దెబ్బలే ఒంటికి బాగా తెలుస్తాయి. పైగా ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ దెబ్బలు దగ్గర దగ్గరగా పడి కలిసిపోతాయి. నేను బీఎస్సీ ఫిజిక్సు చదివాను. అది ఇక్కడ పనికొస్తుందని ఎప్పుడూ తోచలేదు.

కుడివైపు మౌంటింగ్ చూస్తే రబ్బరు చదునుగా కుంగిపోయి ఉంది, కింద నల్లటి మరక. అది ఉత్త రబ్బరు కాదు, లోపల ద్రవం ఉండే రకం. ఆ ద్రవం సన్నని దారి గుండా అటూ ఇటూ వెళ్తూ ఊపును మింగేస్తుంది. కారిపోయాక మింగేవారు లేరు. టార్క్ రాడ్డులోని రబ్బరు బుష్షయితే వేలు దూరేంత చీలింది. అన్నిటికీ మూలం పైనుంది. ఇంజను పైమూత, అదే టాపెట్ కవరు, ప్యాకింగ్ గట్టిపడి చాలాకాలంగా ఇంజను ఆయిలు చుక్క చుక్కగా ఆ మౌంటింగ్ మీద పడుతోంది. "రబ్బరుకు నూనె పడదు. అది ఆపకుండా కొత్తది వేస్తే దాన్నీ తినేస్తుంది" అన్నారు.

రెండో కృతజ్ఞత విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న మేస్త్రి గారికి. ఆయన దగ్గరకు పంపింది బాబాయ్ గారే. నేను వెళ్తూ వెళ్తూ ఫోనులో చూసిన జ్ఞానం మూటగట్టుకుని వెళ్లాను: ఎలాగూ మారుస్తున్నాం కదా, రబ్బరు బదులు పాలీయురేథేన్‌వి వేయిద్దామని. మేస్త్రి గారు నవ్వి, "గట్టివి వేస్తే ఇంజను కదలదు సార్, మీరు కదులుతారు" అన్నారు. రేసు బండ్లకు అవి మంచివే. గేరు మార్చిన వెంటనే శక్తి చక్రాలకు చేరుతుంది. వణుకు మాత్రం నేరుగా సీటులోకి వస్తుంది. కంటి ఆపరేషనయిన అమ్మను కూర్చోబెట్టుకుని నేను ఏ రేసుకు వెళ్తాను?

విడిభాగాల కొట్టుకు కూడా ఆయనే వెంట వచ్చారు. మూడో వంతు ధరకే అచ్చం అలాంటిదే ఇంకోటి చూపించారు. రెండిటినీ రెండు చేతుల్లో పెట్టి బరువు చూడమన్నారు. చవకదాంట్లో ద్రవం లేదు, ఉత్త రబ్బరే. నేను ఒక్కణ్ణే వెళ్లి ఉంటే అదే కొనేవాణ్ణి.

పని చూస్తూ గంటన్నర నిలబడ్డాను. ఇంజను అడుగున ఆయిలు నిలిచే ఛాంబరు కింద జాకీ పెట్టేముందు చెక్క దిమ్మె వేశారు, ఛాంబరుకు సొట్ట పడకుండా. ఇంజను బరువు జాకీ మీదకు వచ్చాకే పాత బోల్టులు విప్పారు. కొత్తవి ముందు చేత్తో తిప్పి, మరలు సరిగ్గా కూర్చున్నాయని చూసుకున్నారు. కొంతవరకే బిగించి, జాకీ దించి, ఇంజను తన బరువుతో సర్దుకున్నాక ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచితో పూర్తిగా బిగించారు. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుందట, తొందరగా చిరుగుతుందట. ఎడమవైపుది కూడా మార్చేయండి అంటే ఒప్పుకోలేదు. "బాగున్నదాన్ని ఎందుకు తీయడం?"

మూడో మనిషి ఆ షెడ్డులో సెలవుల్లో పని నేర్చుకుంటున్న డిప్లొమా కుర్రాడు. మే నెల ఎండలో రేకుల కింద, కారు కింద పడుకుని టార్చి పట్టుకున్నాడు. సైలెన్సరును వేలాడదీసే రబ్బరు ఒకటి కొక్కెం నుంచి జారి ఉందని కనిపెట్టింది అతనే. దాన్ని మళ్లీ తగిలించాడు. చేతిలో డబ్బు పెట్టబోతే తీసుకోలేదు. చల్లని మజ్జిగ మాత్రం రెండు గ్లాసులు తాగాడు. బాబూ, నీ పరీక్షలు బాగా రాయి.

మౌంటింగ్ 3,600, టార్క్ రాడ్డు 1,250, ప్యాకింగ్ 450, కూలి 900. అంతా కలిపి రూ.6,200. సర్వీసు సెంటరు వారు కావాలని మోసం చేశారని నేను అనను. కదిలేటప్పుడు వచ్చే ఆ అదురుకు క్లచ్చు కూడా కారణం కావచ్చని మేస్త్రి గారే చెప్పారు. కానీ బానెట్ ఎత్తడానికి డబ్బు ఖర్చు కాదు.

మొన్న అమ్మను మళ్లీ తీసుకెళ్లాను. రామవరప్పాడు సిగ్నల్ దగ్గర ఆగాం. కాసేపటికి వెనకనుంచి, "ఇంజను ఎందుకు ఆపేశావురా, చల్లగాలి పోతుంది" అంది. ఆపలేదమ్మా అంటే నమ్మలేదు. ముందుకు వంగి నా సీటు మీద చెయ్యి వేసి చూసింది.

ఎడమవైపు మౌంటింగును పదివేల కిలోమీటర్ల తరువాత తప్పకుండా చూడాలని బాబాయ్ గారు హెచ్చరించారు. నేను మరిచిపోతానని ఆయనకు గట్టి నమ్మకం. వాళ్ల వంటింటి క్యాలెండరు మీద, పాలవాడి లెక్క పక్కన, 1,52,300 అని ఎర్ర సిరాతో రాసి ఉంది.