గేమ్ కన్సోల్‌లో రాత సౌకర్యం

సంపాదకులకు నమస్కారం.

చేతిలో ఇమిడే గేమ్ కన్సోల్‌ను డైరీగా, చిరునామాల పుస్తకంగా కూడా వాడుకోవచ్చన్న ఆశ 2004లో నింటెండో డీఎస్ వచ్చినప్పుడు చాలామందిలో కలిగింది. దాని కింది తెర ఒత్తిడిని గుర్తించే రకం కావడంతో, సన్నని స్టైలస్ మొనతో చిన్న కీబోర్డు మీద కూడా అక్షరాలను తడబడకుండా నొక్కగలిగేవారు; అందులోనే ఉండే పిక్టోచాట్ అనే సందేశాల అప్లికేషన్‌లోనైతే చేతిరాతనే పంపుకొనేవారు. అదే ఏడాది జపాన్‌లో విడుదలైన సోనీ పీఎస్‌పీకి టచ్ స్క్రీన్ లేదు. 2005లో దానికి బ్రౌజర్ చేరినా, ఒక వెబ్ చిరునామా రాయాలంటే దిశల బటన్లతో అక్షరాల గడి దగ్గరికి వెళ్ళి, కావలసిన అక్షరం వచ్చేదాకా అదే బటన్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కవలసి వచ్చేది. ఆటలో మెరుపులా కదిలే బొటనవేళ్లు ఇక్కడ నత్తనడక నడిచేవి!

రాతను కేవలం ఆటగాడి పేరు నమోదు చేసే పనిగా చూడడమే అసలు లోపమని నా అభిప్రాయం. సాదా నోట్స్, క్యాలెండర్ అప్లికేషన్లను తయారీదారులే కన్సోల్‌తోపాటు ఇవ్వాలి.

— ఒక పాఠకుడు