తూటాల పెట్టె మీది వేగం అంకె కోసం మందు పెంచకండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. అమెరికా తెలుగువారి వేట సరదా గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఇక్కడ మనవాళ్లు జింకల వేటకు వెళ్తున్న మాట నిజం. రైఫిల్ తూటాలను ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటున్న, అంటే పేలిన ఇత్తడి కేసులో మళ్లీ మందుగుండు పోసి కొసన బుల్లెట్ బిగించుకుంటున్న మాటా నిజమే. నా అభ్యంతరమల్లా ఒక్క వాక్యం మీద. ‘కాస్త మందు పెంచితే ఇంటి తూటా కూడా కంపెనీ తూటా అంత వేగంగా పోతుంది’ అని రాశారు. అది నమ్మి ఎవరైనా ఆ పని చేస్తే, లోపలి ఒత్తిడి పెరిగి రైఫిల్ పగిలి కళ్లు పోతాయి, వేళ్లు పోతాయి.

నేను కన్సాస్‌లో ఒక మెషీన్ షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. నా .308 వించెస్టర్ రైఫిల్‌కు తూటాలు చాలా ఏళ్లుగా నేనే చేసుకుంటున్నాను. ఈ ప్రాంతంలో ఇది పాత అలవాటు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం దగ్గర మిగిలిపోయిన మందు కొని వేటగాళ్లకు అమ్మిన బ్రూస్ హాడ్గ్‌డన్ వ్యాపారం మొదలైంది ఈ పక్కనే. సియెర్రా బుల్లెట్లు తయారయ్యే సెడేలియా మిస్సోరీలో ఉంది. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం లైసెన్స్ అడగదు, అమ్మాలంటే మాత్రం కావాలి. మన దేశంలో అలా కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారుచేస్తే నేరం. ఊళ్లో చదివే కుర్రాళ్ల కోసం ఈ ముక్క కూడా మీ కథనంలో ఉండాల్సింది.

ఇక ఆ వేగం సంగతి. 150 గ్రెయిన్ల బుల్లెట్ ఉన్న .308 పెట్టె మీద చాలా కంపెనీలు సెకనుకు 2,820 అడుగులు అని వేస్తాయి. (గ్రెయిన్ అంటే మన గురిగింజ ఎత్తులో దాదాపు సగం.) ఆ వేగం 24 అంగుళాల టెస్ట్ గొట్టంతో, అంటే బ్యారెల్‌తో కొలిచింది. వేట రైఫిళ్లలో చాలావాటికి 20, 22 అంగుళాల బ్యారెలే ఉంటుంది. ఒక అంగుళం తగ్గితే ఇరవై, ముప్పై అడుగుల వేగం పోతుంది. అంటే ఆ కంపెనీ తూటానే వీళ్ల రైఫిల్‌లో పేల్చినా 2,820 రాదు. ఇది తెలియని కుర్రాడు తన తూటాకు క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) 2,740 చూపించగానే లోడు, అంటే పోసిన మందు, బలహీనంగా ఉందనుకుంటాడు, మందు పెంచడం మొదలుపెడతాడు. నిజానికి అప్పటికే కంపెనీతో సమానంగా ఉన్నాడు! ముందు అదే కంపెనీ తూటాలు కొన్ని తన రైఫిల్‌లో పేల్చి, తన క్రోనోగ్రాఫ్‌తో కొలుచుకోవాలి. పోల్చుకోవాల్సింది ఆ అంకెతో.

గత వేసవిలో షూటింగ్ రేంజ్‌లో మన గుంటూరు వైపు అబ్బాయి ఒకడు ‘అన్నా, బోల్ట్ లేవట్లేదు, ఒకసారి చూస్తావా’ అని పిలిచాడు. అరచేత్తో కొడితే గానీ ఆ బోల్ట్ (తూటా వెనక మూసుకునే గడియ) హ్యాండిల్ పైకి రాలేదు. బయటికొచ్చిన ఇత్తడి కేసును తిప్పి అడుగు చూశాను. ప్రైమర్ (దెబ్బ తగలగానే మందుకు నిప్పంటించే చిన్న టోపీ) అంచులు కాస్త గుండ్రంగా ఉండాలి. అవి చదునుగా అణిగి గుంట నిండా పరుచుకున్నాయి. పక్కనే ఎజెక్టర్ (పేలిన కేసును బయటికి నెట్టే పుల్ల) రంధ్రం ఆకారంలో చిన్న మెరుపు మచ్చ. అంటే ఇత్తడి ఆ రంధ్రంలోకి చొచ్చుకెళ్లేంత ఒత్తిడి పడిందన్నమాట. ఆ లోడు జనవరి చలిలో కుదుర్చుకున్నాడట. ఆ రోజు తూటాలు ఎండలో బెంచీ మీదే ఉన్నాయి. మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, కొన్ని రకాల్లో బాగా పెరుగుతుంది. మిగిలినవి పేల్చకుండా ఇంటికి తీసుకెళ్లి విప్పేయమన్నాను. విన్నాడు, నాకు అదే పదివేలు.

.308కు పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. కంపెనీల దగ్గర దాన్ని కొలిచే పరికరాలు ఉంటాయి, మన గ్యారేజీల్లో ఉండవు. ఇత్తడి మీద నేను చెప్పిన గుర్తులు చాలాసార్లు హద్దు బాగా దాటాక గానీ కనిపించవు. కాబట్టి అవి లేవు కదా, ఫర్వాలేదు అనుకోకూడదు. ఇంట్లో మనకున్న దగ్గరి ఆధారం వేగమే. అంతే పొడవున్న బ్యారెల్‌కు మాన్యువల్ (ఏ మందు ఎంత పోయాలో చెప్పే పుస్తకం) గరిష్ఠంగా చూపిన వేగం, అంతకన్నా తక్కువ మందుకే మన దగ్గర వచ్చేసిందంటే అది సంతోషించే విషయం కాదు. ఒత్తిడి కూడా గరిష్ఠానికి చేరిందనుకుని అక్కడే ఆగాలి.

కొందరు ఇంకో పని చేస్తున్నారు. కంపెనీ తూటా విప్పి, లోపలి మందు తూచి, తమ దగ్గరున్న మందు అంతే పోస్తున్నారు. దయచేసి ఎవరూ చేయొద్దు. కంపెనీలు పెద్ద ఎత్తున కొనే మందు ఒక్కో విడత ఒక్కోలా మండుతుంది. వాళ్లు ప్రతి విడతనూ పరీక్షించి తూకం మార్చుకుంటారు. మనకు డబ్బాల్లో అమ్మేదాన్ని ఎప్పుడు కొన్నా దాదాపు ఒకేలా మండేట్టు కలిపి ఇస్తారు, అందుకే మాన్యువల్ లెక్కలు దానికి పనికొస్తాయి. రంగు, ఆకారం చూసి ఇది ఫలానా మందు అని చెప్పడం ఎవరి వల్లా కాదు. హార్నడీ సూపర్‌ఫార్మెన్స్ లాంటి తూటాలు మామూలు వాటికన్నా వేగంగా పోతున్నాయంటే అది వాటి కోసం ప్రత్యేకంగా కలిపిన మందు వల్ల. చేతికందిన మందుతో ఆ అంకె అందుకోబోతే పెరిగేది ఒత్తిడే.

మరి ఇంట్లో చేసుకోవడం ఎందుకంటే, నిలకడ కోసం. ప్రతి తూటాకూ గ్రెయిన్‌లో పదో వంతు వరకు సరిచూసి మందు తూచుకోవచ్చు. బుల్లెట్‌ను తూటా కూర్చునే గది, అంటే మన ఛాంబర్‌కు నప్పే లోతులో కూర్చోబెట్టుకోవచ్చు. పేల్చి, డై అనే అచ్చులో నొక్కేకొద్దీ కేసు సాగుతుంది. .308 కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. 2.005కి కోసి, అంచును లోపలా బయటా గీకాలి. కేసు మెడ పొడవైతే ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను బిగించేస్తుంది, ఒత్తిడి ఎగబాకుతుంది. ప్రెస్ (తూటా నొక్కే యంత్రం) కన్నా ముందు మంచి కాలిపర్ (పొడవు కొలిచే పరికరం) కొనుక్కోమని నేను అందరికీ చెబుతాను. కంపెనీతో పోటీ పడాలనుకునేవాళ్లు ఫెడరల్ గోల్డ్ మెడల్ 168 గ్రెయిన్ల తూటా వంద గజాల్లో ఎంత దగ్గర దగ్గరగా పడుతుందో చూసి దానితో పోటీ పడాలి. ఓపిక ఉంటే మాన్యువల్ గరిష్ఠానికి కిందే ఉండి దాన్ని అందుకోవచ్చు, కొన్ని రైఫిళ్లలో దాటొచ్చు కూడా. నూట యాభై గజాల్లో జింకకు ఎనభై అడుగుల వేగం తేడా తెలియదు. గురి నాలుగు అంగుళాలు పక్కకు పోతే మాత్రం అది గాయంతో పొదల్లో పడి గంటల తరబడి నరకం చూస్తుంది.

డాలస్, హ్యూస్టన్, అట్లాంటాల్లో కొత్తగా ఈ పని మొదలుపెట్టే మన పిల్లలు మీ పేపర్ ఫోన్లో చదువుతారు. ఆ వాక్యానికి సవరణ వేయండి. నా ఉత్తరం మొత్తానికి చోటు లేకపోతే ఇంత మాత్రం వేసినా చాలు: మాన్యువల్‌లో ఇచ్చిన మొదటి తూకంతోనే మొదలుపెట్టాలి, మెల్లగా పెంచాలి, గరిష్ఠం దాటకూడదు, బెంచీ మీద ఒకసారికి ఒకే రకం మందు డబ్బా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు
ఓవర్‌ల్యాండ్ పార్క్, కన్సాస్ (స్వస్థలం మదనపల్లె)