రాత్రి పదకొండున్నరకి మా ఇల్లు ల్యాండ్‌మార్క్ అయింది

మా పాత ఇంటిని ల్యాండ్‌మార్క్‌గా, అంటే కాపాడాల్సిన చారిత్రక కట్టడంగా గుర్తించాలని నిన్న రాత్రి సిటీ కౌన్సిల్ ఓటేసింది. గెలిచాం. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, అయినా ఇప్పుడు రాయకపోతే ఇక రాయను. తప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్ల కోసం: శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఓ చిన్న ఊళ్లో మాది క్వీన్ ఆన్ తరహా విక్టోరియన్ ఇల్లు. మూలన గుండ్రటి బురుజు, గోడల మీద చేప పొలుసుల్లా కొట్టిన చెక్క బిళ్లలు, అంతా రెడ్‌వుడ్ కలప. 1906 భూకంపాన్ని తట్టుకుంది. మేం కొన్నప్పటినుంచీ మాత్రం బిల్డర్ల ఉత్తరాలు ఆగలేదు. అమలాపురం దగ్గర మా తాతగారి మండువా ఇంటి దూలాలు లారీ ఎక్కడం చిన్నప్పుడు అరుగు మీద నిలబడి చూశాను. ఇంకోసారి చూడదలచుకోలేదు.

మా ఆయనకీ, పిల్లలకీ, అత్తయ్యకీ ఇక్కడ థ్యాంక్స్ చెబితే నవ్వుతారు. వదిలేస్తున్నాను.

నేను చెప్పాల్సింది ఒకావిడ గురించి. పేరు రాయొద్దన్నారు. మా వీధిలో ఏళ్ల తరబడి ఉత్తరాలు పంచి రిటైరయ్యారట. నిన్నటిదాకా నేనావిణ్ణి చూసిందే లేదు.

మాట్లాడటానికి మనిషికి రెండే నిమిషాలు. రెండు పేజీలు రాసుకెళ్లాను. ఇంట్లో చదివితే సరిగ్గా సరిపోయింది. అక్కడ గొంతు పట్టేసింది. ఒక పేజీ అయ్యేసరికి గంట మోగింది, మైక్ ఆపేశారు. అసలు సంగతంతా, ఇంటి వయసుకి రుజువైన పాత మ్యాప్‌తో సహా, రెండో పేజీలోనే ఉంది. నా వెనక నిలబడ్డది ఆవిడే. తను రాసుకొచ్చిన కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని, నా ముందు చెయ్యి చాపారు. నాకు అర్థం కాలేదు. "ఆ పేజీ ఇలా ఇవ్వు" అన్నారు.

ఇచ్చాను. "ఈ అమ్మాయి ఆపిన చోటినుంచి చదువుతాను" అని మొదలుపెట్టారు. 'మండువా' అన్న మాట దగ్గర ఆగి నావైపు చూశారు. నేను పెదాలు కదిపాను. "మాండూవా" అన్నారు. ఆ దీర్ఘాలు వినేసరికి ఇక ఆపుకోలేకపోయాను. పరాయి హాల్లో, కెమెరాల ముందు, మా అమ్మ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

బయటికొచ్చాక ఆ మడిచిన కాగితంలో ఏముందని అడిగాను. ఎండాకాలంలో పాత ఓనరు ఆవిడ కోసం మెట్ల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి ఉంచేదట. అదే రాసుకొచ్చారట. "మీ మ్యాప్ ముందు అదెంత!" అన్నారు. దానికోసం రెండు బస్సులు మారి వచ్చి, ఆరింటినుంచి కూర్చున్నారు. ఎజెండాలో మూడోది కావాల్సిన మా ఇంటిని చివరికి తోసేశారు మరి.

అదొక్కటేనా! విచారణ అంతకుముందే మూడుసార్లు వాయిదా. పన్ను రికార్డులో కట్టిన ఏడాది 1900 అని గుండ్రంగా రాసి పెట్టారు. కాదంటే రుజువు మీరే తెచ్చుకోండన్నారు. తెస్తే, అదే ఫైలు రెండోసారి అడిగారు. ఇంటిని కాపాడతామని వెళ్లినవాళ్ల దగ్గర ఫీజు కట్టించుకుని మరీ తిప్పుతారా? పన్ను తగ్గించుకోడానికే ఇదంతా అన్న పెద్దమనిషికి ఒక మాట: 1972 నాటి మిల్స్ యాక్ట్ (పాత కట్టడాల్ని కాపాడేవాళ్లకి ఆస్తి పన్ను తగ్గించే కాలిఫోర్నియా చట్టం) కింద పన్ను తగ్గాలంటే ఇంటి బాగోగులు చూస్తామని కనీసం 10 ఏళ్ల ఒప్పందం రాసివ్వాలి. మేమింకా దానికి అప్లై కూడా చెయ్యలేదు.

అయ్యో, మ్యాప్ దొరికించిన లైబ్రరీ వాలంటీర్‌ని మర్చిపోయాను! అగ్ని ప్రమాద బీమా కోసం గీసిన శాన్‌బోర్న్ మ్యాపులవి. చెక్క ఇళ్లకి పసుపు రంగు, ఇటుక ఇళ్లకి గులాబీ. 1890ల నాటి షీటులో మా బురుజు పసుపు రంగులో గుండ్రంగా కనబడింది. ఆ షీటే లేకపోతే ఈ పోస్టు లేదు.

కిటికీల లోపల తాడు, ఇనుప బరువులు ఎలా పనిచేస్తాయో విప్పి చూపించిన వడ్రంగి గారికి. మా చిన్నాడిని పడుకోబెట్టిన పక్కింటి వాళ్లకి. సంతకాలు పెట్టిన వీధి వాళ్లందరికీ. హాలు తాళం వెయ్యకుండా మేం కళ్లు తుడుచుకునేదాకా ఆగిన వాచ్‌మన్‌కి కూడా థ్యాంక్స్.

ఇంకోటి, ఈ ల్యాండ్‌మార్క్ ఆర్డినెన్సుకి (ఊరి చట్టానికి) రెండో రీడింగ్ ఉంది, అంటే కౌన్సిల్ ఇంకోసారి ఓటెయ్యాలి. అదయ్యాక 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. ఆవిడ ఆ రోజు కూడా వస్తానన్నారు. ఈసారి బస్సులో రానివ్వం.