సూప్‌నే భోజనం చేయండి

సంపాదకులకు నమస్కారం.

స్నేహితుల్ని రాత్రి భోజనానికి పిలిస్తే ఏం వండాలి అని పత్రికల్లో ఎప్పుడు రాసినా ఆరేడు వంటకాల జాబితా ఇస్తారు, సూప్‌కి మాత్రం మొదట్లో ఓ చిన్న కప్పు చోటు. పప్పులు, కూరగాయలు, కావాలంటే మాంసం వేసి చిక్కగా కాచిన సూప్ తాగితే కడుపు నిండిపోతుంది కదా, ఇంక ఆ ఆరు వంటకాలు ఎవరు తినాలని? ఏ హడావుడీ లేకుండా నలుగురం కూర్చుని కబుర్లు చెప్పుకోవాలనుకున్నప్పుడు సూప్‌నే అసలు భోజనంగా పెట్టుకోవచ్చని మీ వంటల పేజీలో ఒక్కసారైనా రాయండి.

ముందు కొలత చెప్పాలి. భోజనానికి ముందు ఇచ్చే సూప్ మనిషికి 200 మిల్లీలీటర్లు సరిపోతుంది, అదే భోజనమైతే 400 నుంచి 500 కావాలి. అంటే ఎనిమిది మందికి దాదాపు 4 లీటర్లు, పొంగకుండా కలపడానికి వీలుగా 6 లీటర్ల గిన్నె. అంత గిన్నె ఇంట్లో ఉందో లేదో చూసుకున్నాకే జనాన్ని పిలవడం మంచిది!

పక్కన ఏం పెట్టాలంటే, సూప్‌లో లేనివి. సూప్ వేడిగా, మెత్తగా, బరువుగా ఉంటుంది కాబట్టి నిమ్మరసం పిండిన పచ్చి కూరగాయల సలాడ్ లాంటి చల్లనిది, కరకరలాడేది ఒకటి, ముంచుకు తినడానికి రొట్టె. సూప్‌లోనే బంగాళదుంపలో పాస్తానో ఉంటే రొట్టె కూడా తగ్గించేయొచ్చు. క్రీమ్ వేసిన సూప్ పెట్టి, పక్కన చీజ్ వంటకం పెట్టి, చివర్లో కేక్ కూడా తినమనడం నా ఉద్దేశంలో అతిథుల్ని శిక్షించడమే. తీపికి పళ్ళు చాలు.

అందరికీ ఒకే గిన్నె కాబట్టి అందులో ఒకరికి పడనిది పడితే వాళ్ళకి ఆ పూట భోజనమే లేదు, సలాడ్ నములుతూ కూర్చోవాలి. అందుకే ఎవరు ఏం తినరో ముందే అడగాలి, సూప్ కూరగాయలతోనే చేసి మాంసం, క్రీమ్, చీజ్ విడిగా పెడితే ఎవరిక్కావలసింది వాళ్ళు వేసుకుంటారు. సూప్ క్యూబులు వాడేవాళ్ళు ప్యాకెట్ వెనక చదవాలి, కొన్నిట్లో మాంసం సారం ఉంటుంది.

ఇందులో అసలు సుఖం ముందు రోజే వండిపెట్టుకోవచ్చన్నది. గింజల్లోకి ఉప్పూ మసాలా దిగి మర్నాటికి రుచి పెరుగుతుంది. అయితే పాస్తా మాత్రం విడిగా ఉడికించి వడ్డించే ముందు కలపాలి, లేదంటే రాత్రంతా నీళ్ళు పీల్చి ముద్దయిపోతుంది. మళ్ళీ మరిగించినప్పుడు నీరు ఆవిరై ఉప్పు ఎక్కువ అనిపిస్తుంది, అందుకని ఉప్పు కొంచెం తగ్గించి వేసి చివర్లో సరిచూసుకోవాలి. నిమ్మరసం, ఆకులు స్టవ్ ఆపాకే.

వంటల పేజీల్లో నాకు కనబడని సంగతులు రెండున్నాయి. 4 లీటర్ల సూప్ గిన్నెలోనే వదిలేస్తే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉండి బ్యాక్టీరియా పెరుగుతుంది. లోతు తక్కువ గిన్నెల్లోకి పంచి చల్లార్చి, వండిన 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాడు బాగా మరిగించాలి. రెండోది రాజ్మా. పచ్చి రాజ్మాలో ఉండే ఒక విషపదార్థం వల్ల వాంతులవుతాయి, అది సన్నని సెగకు పోదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు కుతకుతా మరగనిచ్చాకే మంట తగ్గించాలి. సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్లో రాజ్మాని నేరుగా వేసేవాళ్ళకి ఇది ఎవరైనా చెప్పాలి కదా.

కాబట్టి ఈసారి సూప్ గురించి వేసేటప్పుడు వంటకంతో పాటు ఎంతమందికి ఎన్ని లీటర్లు, ముందు రోజు ఏ పని, ఆ సాయంత్రం ఏ పని అన్నది కూడా వేయండి. పెద్ద ఫొటో లేకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు