సంతకం పడేదాకా దిద్దవచ్చు కదా!

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో బాలికల బాస్కెట్‌బాల్ ఫైనల్ వార్త వేశారు. హోరాహోరీ పోరు అన్నారు. ఆఖరి రెండు నిమిషాల్లో ఏం జరిగిందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ మ్యాచ్ నేను స్కోరర్ టేబుల్ వెనకే నిలబడి చూశాను. ఐదు ఫౌళ్లు పడితే ఇక ఆట నుంచి బయటికే. ఓడిన జట్టులో 9వ నంబర్ అమ్మాయిని ఐదో ఫౌల్ అని బయటికి పంపేశారు. అది నాలుగోది. అంతకుముందు 6వ నంబర్‌కి పడాల్సిన ఫౌల్ ఈ పిల్ల గడిలో రాశారు. ఏ ఫౌల్ ఎప్పుడు పడిందో ఆ అమ్మాయి వేళ్లు మడిచి మరీ చెప్పింది. ఒక్కసారి స్కోరు షీట్ చూడమని కోచ్ బతిమాలాడు. రిఫరీ అటు తల తిప్పలేదు. "టేబుల్ వాళ్లు ఐదన్నారు, ఐదే" అన్నాడు. పిల్ల బెంచీ మీద కూర్చుని తలమీద తువ్వాలు కప్పుకుంది.

నిమిషం తిరక్కుండా అదే రిఫరీ గెలుస్తున్న జట్టు మీద తగలని చేతికి ఫౌల్ ఈల వేశాడు. అంటే తప్పు జరిగిందని అతనికి అప్పుడే తెలుసు. ఒకరికి చేసిన అన్యాయాన్ని ఇంకొకరికి అన్యాయం చేసి సరిపెట్టడమేమిటండీ? ఒక్క పాయింటుతో మ్యాచ్ పోయాక టీ కొట్టు దగ్గర "పొరపాటే మాస్టారూ, ఏం చేస్తాం, అయిపోయింది" అన్నాడు.

ఆ పిల్ల బెంచీ మీద ఉన్నంతసేపూ ఏమీ అయిపోలేదు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమావళి 44వ అధికరణం చదవమనండి. స్కోరు, ఫౌళ్లు, టైమౌట్ల లెక్కలో తప్పు దొర్లితే క్రూ చీఫ్ (ప్రధాన రిఫరీ) షీట్‌పై సంతకం పెట్టేలోపు ఎప్పుడైనా దిద్దవచ్చు. దానికి కెమెరాలు అక్కర్లేదు. టేబుల్ దాకా పది అడుగులు నడిస్తే చాలు.

2007 డిసెంబరులో అమెరికాలోని అట్లాంటాలో సరిగ్గా ఇదే జరిగింది. మయామి ఆటగాడు షకీల్ ఓనీల్ ఐదో ఫౌల్‌ని ఆరోదిగా లెక్కవేసి పంపేశారు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆరు పడితేనే బయటికి. లెక్క తప్పింది అట్లాంటా టేబుల్ సిబ్బందే కాబట్టి లీగ్ ఆ జట్టుకి 50,000 డాలర్ల జరిమానా వేసింది. మిగిలిన 51.9 సెకన్ల ఆటని 2008 మార్చిలో మళ్లీ ఆడించింది. అప్పటికి ఓనీల్ వేరే జట్టుకి వెళ్లిపోయాడు. గెలిచిన జట్టే మళ్లీ గెలిచింది. అయినా ఆడించారు!

కంటికి ఆనక వదిలేసిన ఫౌల్ సంగతి వేరు, దాన్ని వెనక్కి తేలేం. 2023 జనవరిలో బోస్టన్‌లో ఎన్‌బీఏ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ మీద జరిగిన ఫౌల్‌కి ఈల వేయలేదు. మర్నాడు రిఫరీల సంఘమే తప్పు మాదేనని ప్రకటించింది. దాంతో వాళ్ల పరువేమీ పోలేదు.

మన దగ్గర ఈల పట్టినవాళ్లదే కాదు, కలం పట్టినవాళ్లదీ ఇదే తీరు. టెన్త్ మెమోలో పేరు తప్పు రాసినా, పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు రాసినా, రాసినవారు కుర్చీలోంచి లేవరు. చెప్పులరిగేలా తిరగాల్సింది మనం. ముప్పై ఏళ్లు పిల్లలకి ఆట నేర్పినవాణ్ణి, నేను కూడా ఈల తప్పు వేసిన రోజులున్నాయి. ఆట ఆపి, రెండు జట్ల కెప్టెన్లనీ పిలిచి, తప్పు నాదేనని చెప్పేవాణ్ణి. ఏ పిల్లా నన్ను చులకనగా చూడలేదు.

కనీసం మీరైనా అది నాలుగో ఫౌలేనని రెండు వాక్యాలు వేయండి. ఆ అమ్మాయికి ఈ వయసు విభాగంలో ఇదే ఆఖరి ఏడాది.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, ఏలూరు