ఖాళీ లారీ మీద నేర్పి, లోడు లారీ చేతికిస్తున్నాం: కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. నాయుడుపేట ప్రాంతం నుంచి చిన్న వయసులోనే క్లీనరుగా మద్రాసు వచ్చి, ఆ తర్వాత చాలా ఏళ్లు లారీ నడిపి, ఇప్పుడు మాధవరంలో స్థిరపడిన మనిషిని నేను. నెల్లూరు, తిరుపతి జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ ఉత్తర చెన్నైకి వచ్చే కుర్రాళ్లు లారీల అడ్డా దగ్గర నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "బాబాయ్, హెవీ బండి నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?" లైసెన్సుకైతే ఒక నెల చాలని, డ్రైవరు కావడానికి రెండు మూడేళ్లు పడుతుందని చెబుతాను. ఆ మిగతా కాలం ఎక్కడ, ఎవరి దగ్గర, ఏం తిని నేర్చుకోవాలని వాళ్లు తిరిగి అడుగుతారు. దానికి జవాబు నా దగ్గర లేదు. అది మీ చేతిలో ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనం లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది గడిస్తేనే హెవీకి నేర్చుకునేవాళ్ల లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. ఆ ఏడాదిలో అతను కారు నడిపాడా లేదా అని ఎవరూ అడగరు. లైసెన్సును బీరువాలో దాచుకున్నా ఏడాది ఏడాదే. ఇక 1989 కేంద్ర నిబంధనల్లో 31వ నిబంధన చూస్తే, డ్రైవింగ్ స్కూలులో రవాణా వాహనానికి శిక్షణ కనీసం 30 రోజులు ఉండాలి, అందులో బండి నడిపే సమయం కనీసం 15 గంటలు ఉండాలి. 2021 జూలై నుంచి మీరు తెచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో పాఠాలు, డ్రైవింగ్ కలిపి శిక్షణను ఆరు వారాల్లో 38 గంటలుగా పెట్టారు. బండి నడిపినట్టే అనిపించే సిమ్యులేటరు యంత్రం, ప్రత్యేక ట్రాకు తప్పనిసరి చేశారు. అక్కడ ఉత్తీర్ణులైతే ఆర్టీఓ దగ్గర మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. ఇది మంచి మార్పేనని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసినందుకు కూడా మా వృత్తి తరఫున మీకు కృతజ్ఞతలు.

అయితే ఆ పదిహేను గంటలు కాగితం మీద పదిహేనే కానీ, చాలా చోట్ల కుర్రవాడి చేతికి అంత దక్కదు. ఒక పాత లారీలో నలుగురైదుగురిని ఎక్కించుకుని వంతులవారీగా స్టీరింగు ఇస్తారు. తెల్లవారుజామున, రద్దీ లేని రోడ్డు మీద, మూడో గేరు దాటకుండా నేర్పుతారు. గంటల సంగతి అలా ఉంచినా, నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరొకటి ఉంది. ఆ లారీ ఖాళీది. మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఖాళీదే.

ఖాళీ లారీ, లోడు లారీ ఒకే బండి కాదు. ఖాళీ బండికి బ్రేకు నొక్కితే నిలబడుతుంది. లోడు బండిని ఆపాలంటే ఎక్కడ ఆపాలో ముందుగానే మనసులో అనుకుని, గేర్లు తగ్గించుకుంటూ రావాలి. రెడ్ హిల్స్ రైసుమిల్లులకు వచ్చే వడ్ల బస్తాల లోడు మలుపులో ఒకలా ఒరుగుతుంది. రేవు నుంచి వచ్చే ఇనుప కాయిల్ (రేకు చుట్ట) ఒరగదు, కానీ గొలుసులు సరిగా బిగించకపోతే గట్టి బ్రేకు పడగానే క్యాబిను మీదికే వస్తుంది. సగం నిండిన ట్యాంకరులో ద్రవం, మనం ఆగిన తర్వాత కూడా బండిని ముందుకు తోస్తుంది. కంటైనరు ట్రైలరు మాధవరం రౌండానా (గుండ్రటి కూడలి) దగ్గర ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందులో స్కూటరు మీద ఉన్న మనిషి అద్దంలో కనబడడు. ఇవన్నీ పాఠంగా చెబితే వినడానికి ఒక పూట చాలు. పాదానికి, చేతికి, చెవికి అలవాటు కావడానికి మాత్రం నెలలు పడుతుంది.

ఘాటు రోడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఎక్కిన గేరులోనే దిగాలి అన్నది మా పెద్దలు నేర్పిన మొదటి సూత్రం. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలేస్తే ఇంజిను పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. పదేపదే నొక్కుతుంటే డ్రమ్ములు వేడెక్కి బ్రేకులు పట్టు వదులుతాయి. మరోపక్క ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. మరునాడు పేపర్లో "బ్రేకులు ఫెయిలై" అని ఒక్క మాటలో రాస్తారు. ధర్మపురి జిల్లా తొప్పూరు ఘాటులో ఇలాంటి ప్రమాదాలు ఎన్ని జరిగాయో మీ శాఖకు తెలియనిది కాదు. చెన్నై నుంచి చిత్తూరు మీదుగా బెంగళూరు వెళ్లేవారికి మొగిలి ఘాటు ఉంది. ఈ రెండింటిలో ఒక్కదానినైనా, లోడుతో, పక్కన అనుభవజ్ఞుడిని కూర్చోబెట్టుకుని దిగిన తర్వాతే లైసెన్సు పొందినవాడు ఈ రోజుల్లో నాకు కనబడడం లేదు. చెన్నై చుట్టుపక్కల నేలంతా చదును. ఇక్కడ నేర్చుకున్నవాడు ఘాటును మొదటిసారి చూసేది ఒంటరిగా, నిండు లోడుతో, చాలాసార్లు రాత్రిపూటే.

లోడు బండి మీద నేర్చుకుందామన్నా దారి మూసే ఉంది. సరుకు రవాణా వాహనాల ప్రామాణిక బీమా పాలసీలో డ్రైవరు షరతు ఒకసారి తెప్పించుకుని చదవండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు బండి నడపవచ్చు, అయితే ప్రమాదం జరిగిన సమయానికి ఆ బండి సరుకు మోస్తూ ఉండకూడదు. లోడుతో నేర్చుకుంటున్నవాడి చేతిలో ఏదైనా జరిగితే యజమాని మునిగిపోతాడు. అందుకే ఏ యజమానీ ఒప్పుకోడు, ఆయనను తప్పుపట్టలేం. నేర్చుకునేటప్పుడు లోడు నిషేధం. లైసెన్సు వచ్చిన మర్నాడు నిండు లోడుతో వెయ్యి కిలోమీటర్లు ఒంటరిగా వెళ్లడానికి మాత్రం ఏ నిషేధమూ లేదు. 2018లో ఒక్కో ఇరుసు మీద మోయనిచ్చే బరువును (యాక్సిల్ బరువు) పెంచడంతో పెద్ద ట్రైలర్ల మొత్తం బరువు 55 టన్నుల దాకా వెళ్లింది. మామూలు డ్రైవింగ్ స్కూలు లెక్క మాత్రం ఆ పదిహేను గంటల దగ్గరే ఉంది.

ఒకప్పుడు ఈ లోటును క్లీనరు సీటు పూడ్చేది. టార్పాలిన్ కప్పడం, తాడు బిగించడం, టైర్లు కొట్టి శబ్దం వినడం, రివర్సుకు వెనక నిలబడి కేక వేయడం దగ్గర మొదలుపెట్టి, ఏడాదికో రెండేళ్లకో డ్రైవరు గారి మనసు కరిగితే నిర్మానుష్యమైన రోడ్డు మీద స్టీరింగు దొరికేది. అందులో దెబ్బలు ఉండేవి, తిట్లు ఉండేవి, జీతం పేరుకే ఉండేది. దాన్ని తిరిగి తెమ్మని నేను అడగను. చట్టానికి సరిపడని చదువు అది. కానీ ఏ లోడు ఎలా కదులుతుందో, ఎక్కడ నిద్ర ముంచుకొస్తుందో మాకు తెలిసింది ఆ సీట్లోనే. ఇప్పుడు కిరాయి గిట్టుబాటు కాక చాలామంది యజమానులు క్లీనరును మానేశారు. కంటైనరుకు టార్పాలిన్ పని కూడా లేదు. ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు బైకు మీద పార్సిళ్లు అందించే పనికి వెళ్లిపోతున్నారు. ఆ సీటు ఖాళీ అయింది, దాని స్థానంలో ప్రభుత్వం దేన్నీ పెట్టలేదు.

అక్కడ జీతంతో కూడిన శిక్షణ కాలాన్ని పెట్టండి. హెవీ లైసెన్సు పరీక్ష నెగ్గినవాడు కనీసం ఒక ఏడాది అనుభవజ్ఞుడైన డ్రైవరు పక్కన సహాయక డ్రైవరుగా పనిచేయాలి. అతని పేరు ప్రభుత్వ పోర్టల్లో నమోదు కావాలి. నడిపిన గంటలు, లోడు రకం, రాత్రి ప్రయాణం, ఘాటు, ట్రైలరు రివర్సు ఒక పుస్తకంలో ఎక్కాలి, నేర్పిన డ్రైవరు సంతకం చేయాలి. నేర్పినందుకు ఆయనకూ బత్తా ఇవ్వాలి. ఊరికే నేర్పమంటే ఎవరూ నేర్పరు, నేర్పినా మనసు పెట్టరు. అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో ఒక పరిమితి వరకు స్టైపెండులో 25 శాతం కేంద్రమే భరిస్తోంది. ఆ పథకాన్ని ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానికి కూడా అందేలా మలచండి. దేశంలో లారీలు ఎక్కువగా అలాంటి వాళ్లవే. ముందు గడవాల్సిన కారు లైసెన్సు ఏడాదిని కూడా నిజమైన అనుభవంగా మార్చవచ్చు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనం లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది కాబట్టి, చిన్న సరుకు బండి మీద చేసిన పనిని లెక్కలోకి తీసుకోండి.

డ్రైవర్ల కొరత 22 లక్షలని మీరే చెప్పారు. శిక్షణ కాలం పెంచితే కొరత ఇంకా పెరుగుతుందని మీ అధికారులు అనవచ్చు. నేను చూసినంతవరకు కుర్రాళ్లు ఈ పనికి దూరమయ్యేది నేర్చుకునే కాలం ఎక్కువై కాదు, ఆ కాలంలో ఇంటికి పంపడానికి డబ్బు లేక. మొదటి ట్రిప్పులోనే ప్రమాదం చేసి, కేసు మీద పడి, స్టీరింగు వదిలేసినవాళ్లు కూడా నాకు తెలుసు. ఐరోపా దేశాల్లో వృత్తి డ్రైవరుకు మొదటి అర్హత శిక్షణ 280 గంటలు, కుదించిన పద్ధతిలో 140 గంటలు. ఆ పైన ఐదేళ్లకొకసారి 35 గంటల శిక్షణ ఉంది. మనకు అంత తరగతి గది అక్కర్లేదు. తరగతి గది మన రోడ్డు మీదే తిరుగుతోంది, దానికి చట్టబద్ధత ఇస్తే చాలు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని మీ శాఖ నివేదికే చెబుతోంది. అందులో మా వృత్తివాళ్లూ ఉన్నారు, మా చక్రాల కింద పడ్డవాళ్లూ ఉన్నారు.

మొదలుపెట్టడానికి చెన్నై అనువైన చోటు. మనలి, ఎన్నూరు, కాట్టుపల్లి వైపు కంటైనరు బండ్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీద, తడ సరిహద్దుకు ఇవతలే గుమ్మిడిపూండిలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ వారి హెవీ డ్రైవర్ల శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ తమిళం మాట్లాడగలిగినా చదవలేని మా తెలుగు కుర్రాళ్ల కోసం పాఠాలు, శిక్షణ పుస్తకం తెలుగులోనూ అచ్చు వేయించండి. శిక్షణలో చివరి వారమైనా బండికి లోడు వేయించండి.

ఇవన్నీ జరగడానికి సమయం పడుతుందని నాకు తెలుసు. బీమా షరతుకు మాత్రం అంత సమయం అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థతో మాట్లాడి, నమోదైన శిక్షకుడు పక్కన ఉన్నప్పుడు ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు లోడు బండి నడిపినా పాలసీ వర్తించేలా ఆ వాక్యాన్ని మార్పించండి. మిగిలిన వాటికంటే ముందు ఆ పని చేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మాధవరంలో ఉంటున్న ఒక పాత లారీ డ్రైవరు,
చెన్నై